జీడీ రౌండ్ తీసేసి పని ఇచ్చి చూడండి: క్యాంపస్ నియామకాలకు వచ్చే కంపెనీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగ్ కాలేజీలకు క్యాంపస్ నియామకాల కోసం వచ్చే కంపెనీల హెచ్‌ఆర్ అధికారులకు, ప్యానెల్ సభ్యులకు,

నమస్కారం.

మాలో కొందరం కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్‌లలో పనిచేస్తాం, కొందరం ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చుంటాం, మిగతావాళ్ళం మీరు ఎంపిక చేసిన పిల్లలు చేరే ప్రాజెక్టుల్లో టీమ్ లీడ్‌లం. మా విన్నపం ఒక్కటే. నలుగురితో కలిసి పనిచేసేవాళ్ళు కావాలని మీరు గ్రూప్ డిస్కషన్ (జీడీ) పెడుతున్నారు. ఆ రౌండ్‌లో తెలిసేది మాట్లాడే అలవాటు ఎవరికి ఎక్కువగా ఉందన్నది మాత్రమే. దాన్ని తీసేసి, ఆ స్థానంలో నలుగురు కలిస్తే తప్ప పూర్తికాని ఒక చిన్న పని పెట్టండి. అది ఎలా పెట్టాలో, ఎక్కడ చెడిపోతుందో కింద వివరంగా రాశాం.

ముందు జీడీ లెక్క చూడండి. మామూలుగా 12 మందిని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి 15 నిమిషాలు ఇస్తారు. సమానంగా పంచినా మనిషికి వచ్చేది 75 సెకన్లు. సోషల్ మీడియా మంచిదా చెడ్డదా అన్నటువంటి అంశం ఇస్తారు. చివరికి తేల్చాల్సింది ఏమీ ఉండదు. ఒకరి దగ్గర ఉన్న సమాచారం ఇంకొకరికి అవసరం పడదు. ఎవరు తప్పు మాట్లాడినా ఏదీ ఆగిపోదు. అంటే టీమ్ పనిని టీమ్ పనిగా చేసే మూడు సంగతులూ అక్కడ లేవు. పైగా క్యాంపస్ నియామకాలకు తయారుచేసే సీఆర్‌టీ క్లాసుల్లో పిల్లలకు దీన్ని ఒక ఆటలా నేర్పుతారు: మొదట నువ్వే మొదలుపెట్టు, కుదరకపోతే చివర్లో సమ్మరీ నువ్వే చెప్పు, ‘ఐ అగ్రీ విత్ మై ఫ్రెండ్’ అని అందుకుని నీ మాట చెప్పు, గోల పెరిగితే ‘లెట్ అజ్ గివ్ ఎవ్రీవన్ ఎ ఛాన్స్’ అను. ప్యానెల్‌లో కూర్చున్నవారు ఆ చివరి మాట అన్న అమ్మాయికో అబ్బాయికో ‘టీమ్ స్పిరిట్’ కింద మార్కులు వేస్తారు. అది గుణమా, బట్టీ పట్టిన వాక్యమా అని 15 నిమిషాల్లో విడదీసి చూడటం ఎవరి వల్లా కాదు.

ఎక్కువసేపు మాట్లాడినవారిని గుంపు నాయకుడిగా అనుకుంటుందనీ, ఏం మాట్లాడారన్నదాని కంటే ఎంతసేపు మాట్లాడారన్నదే ఆ అభిప్రాయాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందనీ పరిశోధనల్లో పదే పదే తేలింది. ప్యానెల్ సభ్యులూ మనుషులే, వారికీ అలాగే అనిపిస్తుంది. 2010లో ‘సైన్స్’ పత్రికలో అనితా వూలీ బృందం ప్రచురించిన అధ్యయనాన్ని కూడా ఒకసారి చూడండి. 699 మందిని రెండు నుంచి ఐదుగురి చొప్పున చిన్న గుంపులుగా చేసి రకరకాల పనులు ఇచ్చారు. గుంపులోని వ్యక్తుల సగటు తెలివితేటలతో గానీ, అందరిలోకీ తెలివైనవారి స్థాయితో గానీ ఆ గుంపు పనితనానికి పెద్ద సంబంధం కనిపించలేదు. ఎదుటివారి ముఖంలో భావాన్ని పసిగట్టగల శక్తి, మాట్లాడే వంతు అందరికీ దాదాపు సమానంగా దక్కడం, ఈ రెండూ ఉన్న గుంపులు బాగా చేశాయి. ఒకరిద్దరే మాటంతా లాక్కున్న గుంపులు వెనకబడ్డాయి. మన జీడీ ఆ మాట లాక్కునేవారికే ఎక్కువ మార్కులు వేస్తోంది.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఎక్కడ దారి తప్పిందో తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో బ్రిటిష్ సైన్యం అధికారుల ఎంపికకు బోర్డులు పెట్టినప్పుడు, నాయకుణ్ణి నియమించకుండా ఒక గుంపుకు పని అప్పగించి గమనించే పద్ధతిని మానసిక వైద్యుడు విల్‌ఫ్రెడ్ బియాన్ అక్కడ రూపొందించాడు. మన దేశంలో సైనికాధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డులది ఆ వంశమే. విశాఖపట్నంలో నౌకాదళ బోర్డుకు వెళ్ళివచ్చిన పిల్లల్ని అడగండి. ఐదు రోజుల్లో గ్రూప్ డిస్కషన్ ఒక చిన్న భాగం. మిగతా చోట్ల పలకలు, దుంగ, తాడు ఇచ్చి నేల తాకకుండా అడ్డంకులు దాటమంటారు, సామాను అవతలికి చేర్చమంటారు. ఒక సమస్య ఇచ్చి, ముందు ఎవరికి వారు కాగితం మీద పరిష్కారం రాశాకే కలిసి చర్చించమంటారు. కంపెనీలు వీటిలోంచి చర్చను మాత్రం తీసుకున్నాయి, పలకనూ తాడునూ వదిలేశాయి. ఐఐఎంలలో చాలా వరకు పదేళ్ళకు పైగా కిందటే ప్రవేశాల్లోంచి జీడీని తీసేసి రాత పరీక్ష పెట్టాయి. మన కాలేజీలకు వచ్చే కంపెనీల్లో మాత్రం ఇంకా సాగుతోంది.

ఇక చేయాల్సిన పని గురించి.

ఆన్‌లైన్ పరీక్ష అయ్యాక, టెక్నికల్ ఇంటర్వ్యూకు ముందు ఈ రౌండ్ పెట్టండి. గుంపుకు నలుగురు. ఐదుగురైతే ఒకరు దాక్కోవడానికి వీలుంటుంది, ముగ్గురైతే ఇద్దరు కలిసిపోయి ఒకరు మిగిలిపోతారు. ఒకే బ్రాంచి, ఒకే సెక్షన్ వాళ్ళు ఒకే గుంపులో పడకుండా హాల్ టికెట్ నంబర్లతో కలపండి. లేకపోతే అప్పటికే ఉన్న స్నేహాలను మీరు టీమ్ పని అనుకుంటారు. నలుగురికీ రెండే లాప్‌టాప్‌లు, ఒక తెల్ల బోర్డు, 40 నిమిషాలు. ఆ తర్వాత 8 నిమిషాలు ఎవరికి వారు రాయాల్సిన ఒక పేజీ.

పనికి ఆయువుపట్టు సమాచారాన్ని విడదీసి ఇవ్వడం. 1985లో స్టాసర్, టైటస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి చూపించారు. గుంపులో అందరికీ ముందే తెలిసిన విషయాల చుట్టూనే మాటలు తిరుగుతాయి, ఒక్కరికే తెలిసినది బయటికి రాక గుంపు తప్పు నిర్ణయం తీసుకుంటుంది. ఆఫీసులో ప్రాజెక్టులు దెబ్బతినే తీరూ చాలాసార్లు ఇదే. కస్టమర్ ఫోన్‌లో చెప్పిన మార్పు ఒకరికే తెలుసు, టెస్టింగ్‌లో కనిపించిన తేడా ఇంకొకరికే తెలుసు, ఇద్దరూ కూర్చునే బల్లల మధ్య దూరం ఆరడుగులే. అందుకే ఎవరి దగ్గరున్నది వారు బయటపెడితేనే పూర్తయ్యేలా పని కట్టాలి.

ఒక ఉదాహరణ పూర్తిగా ఇస్తున్నాం. పని: హాస్టల్ మెస్ బిల్లు లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్. భాష వాళ్ళిష్టం. అందరికీ ఇచ్చే కాగితంలో రోజుకు 110 రూపాయలు, నెలకు 30 రోజులు, ఆరుగురు విద్యార్థుల హాజరు పట్టిక ఉంటాయి. తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో చీటీ. మొదటి చీటీలో: వరసగా మూడు రోజులు గానీ అంతకుమించి గానీ లేకపోతే ఆ రోజుల బిల్లు తీసేయాలి, తక్కువైతే తీయకూడదు. రెండో చీటీలో: బంధువులకు పెట్టిన భోజనానికి 60 రూపాయలు, నెలలో మొదటి రెండూ ఉచితం. మూడో చీటీలో: టిఫిన్ మాత్రమే తిన్న రోజుకు సగం బిల్లు. నాలుగో చీటీలో: 14, 15 తేదీల హాజరు పట్టిక తడిసిపోయింది, ఆ రెండు రోజులకు గేటు రిజిస్టరే ఆధారం, ఇదిగో గేటు రిజిస్టర్. చీటీని చేతిలోనే ఉంచుకోవాలి, చదివి చెప్పవచ్చు గానీ ఇంకొకరికి ఇచ్చేయకూడదు. ఈ నియమం లేకపోతే నాలుగు చీటీలూ మొదటి నిమిషంలో ఒకరి ముందుకు చేరిపోతాయి. ఆ ఒక్కరే పనంతా చేస్తారు, మిగతా ముగ్గురూ వెనక నిలబడతారు.

మొదటి చీటీకీ మూడో చీటీకీ మధ్య ఒక చిక్కు కావాలనే పెట్టాం. ఒక విద్యార్థి 4, 6, 7 తేదీల్లో లేడు, 5వ తేదీన టిఫిన్ ఒక్కటే తిన్నాడు. ఆ టిఫిన్ వరసను తెంచుతుందా? తెంచుతుందంటే అతని బిల్లు 3,245 రూపాయలు. తెంచదంటే 2,915. ఏ చీటీలోనూ జవాబు లేదు. గదిలో వార్డెన్ పాత్రలో కూర్చున్న ప్యానెల్ సభ్యుణ్ణి అడిగితే చెబుతారు, అడగకపోతే చెప్పరు. మీకు కావలసిందంతా ఇక్కడ బయటపడుతుంది. రెండు చీటీలకూ పొత్తు కుదరడం లేదని ఎవరు గమనించారు, గమనించినవారి మాట మిగతావారు విన్నారా, ‘ఏదో ఒకటి వేసేద్దాం’ అన్నదెవరు, లేచి వెళ్ళి అడిగిందెవరు, అడిగి వచ్చి అందరికీ చెప్పారా లేక తన లాప్‌టాప్‌లో మాత్రం సరిచేసుకున్నారా.

సరిగ్గా 20వ నిమిషంలో వార్డెన్ ఒక మార్పు చెప్పాలి: ఈ నెల నుంచి రోజుకు 120 రూపాయలు, కానీ 16వ తేదీ నుంచి మాత్రమే. దీన్ని ఒక్కరి చెవిలోనే చెప్పండి, ఎవరి చెవిలో అన్నది చీటీ తీసి నిర్ణయించండి. ఆ సమాచారం మిగతా ముగ్గురికీ ఎంతసేపట్లో చేరిందో గడియారం చూసి రాసుకోండి. మార్పు వచ్చాక పాత లెక్కంతా చెరిపేసేవాళ్ళుంటారు. ఏది ఉంచవచ్చు, ఏది మార్చాలి అని పక్కవాళ్ళతో కలిసి చూసేవాళ్ళుంటారు. ఈ తేడా చూడటానికే ఆ మార్పు పెట్టడం.

ప్రోగ్రామ్ పూర్తికాకపోయినా ఫర్వాలేదని ముందే చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. కోడింగ్ చూడటానికి మీకు వేరే రౌండ్ ఉంది. భాష సంగతి కూడా ముందే చెప్పాలి: తెలుగులో మాట్లాడుకోవచ్చు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలుపుకోవచ్చు, నలుగురికీ అర్థమైతే చాలు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయి ఇంగ్లిష్ జీడీలో నోరు విప్పకపోతే ఆమెకు కలిసి పనిచేయడం రాదని రాసేస్తున్నారు. ఈ పద్ధతిలో మాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. కస్టమర్‌తో మాట్లాడే ఇంగ్లిష్ కావాలంటే దానికి విడిగా పరీక్ష పెట్టి, విడిగా మార్కులు వేయండి.

గుంపుకు ఇద్దరు పరిశీలకులు చాలు. ఒకరు వార్డెన్ పాత్రలో ఉంటారు, ఇంకొకరు నోరు మెదపకుండా రాస్తారు. వీలైనంతవరకు ఆ ఇద్దరిలో ఒకరు నిజంగా టీమ్ నడిపేవారై ఉండాలి. రాసేది విశేషణాలు కాదు, జరిగిన పనులు. ‘చురుకైన వాడు’, ‘యాటిట్యూడ్ బాగుంది’ అని రాస్తే సాయంత్రం మార్కులు వేసేటప్పుడు ఎవరి గురించి రాశారో మీకే గుర్తుండదు. ‘6వ నిమిషం: తన చీటీ చదివి వినిపించాడు. 11: పక్కవాడు సగంలో ఆపేసిన మాటను మళ్ళీ అడిగి చెప్పించాడు. 23: రేటు మార్పు తనకు అర్థం కాలేదన్నాడు’ అని రాయండి. చూడాల్సినవి ఐదు: తన దగ్గరున్న సమాచారం తనంతట తాను చెప్పడం, ఇతరుల దగ్గరున్నది అడగడం, తెలియనిది తెలియదనడం, మాట అందని వారికి చోటివ్వడం, తన తప్పు బయటపడితే ఒప్పుకుని సరిదిద్దడం. ఒక్కోదానికి 0, 1 లేదా 2. పరిశీలకులిద్దరూ విడివిడిగా మార్కులు వేసి కాగితాలు పక్కన పెట్టాకే ఒకరితో ఒకరు మాట్లాడాలి. ముందే మాట్లాడుకుంటే సీనియర్ మాటే రెండు కాగితాల మీదా పడుతుంది. ఏ అంశంలోనైనా ఇద్దరి మధ్య 2 మార్కుల తేడా వస్తే సగటు తీయకండి. రాసుకున్న నిమిషాల వారీ నోట్స్ చదివి తేల్చండి.

చివర్లో రాయించే పేజీలో రెండే ప్రశ్నలు: పనిలో ఎవరెవరు ఏం చేశారు? మళ్ళీ చేస్తే ఏం మారుస్తారు? నాలుగు పేజీలూ పక్కపక్కన పెట్టి పరిశీలకుడి నోట్స్‌తో పోల్చండి. పక్కవాళ్ళ పని పేరుతో సహా గుర్తుపెట్టుకుని రాసినవారు కనిపిస్తారు. ఇతరుల పనిని తన పేరు మీద రాసుకున్నవారూ కనిపిస్తారు. రెండో రకం వారికి మిగతా మార్కులు ఎన్ని వచ్చినా, ఇంటర్వ్యూలో ఆ విషయం నేరుగా అడిగి తేల్చుకోకుండా ఆఫర్ ఇవ్వకండి.

టైమ్ లేదంటారని తెలుసు. లెక్క చూడండి. రాత పరీక్ష దాటి 60 మంది మిగిలితే 15 గుంపులు. ఒక్కో గుంపుకు కూర్చోబెట్టడం, వివరించడంతో కలిపి గంట. మూడు గదులుంటే ఐదు గంటలు, ఆరుగురు పరిశీలకులు. జీడీ అయితే గంటన్నరలో అయిపోయేది. ఆ అదనపు మూడున్నర గంటలకు బదులుగా ఇంటర్వ్యూకు వెళ్ళేవారి సంఖ్య తగ్గుతుంది, ఇంటర్వ్యూలో అడగడానికి నిజమైన సరుకూ దొరుకుతుంది. ఇంకో ఇబ్బంది నిజంగానే ఉంది: పదింటికి బయటికి వచ్చిన గుంపు వాట్సాప్‌లో మెస్ బిల్లు కథ పెట్టేస్తుంది, పన్నెండింటికల్లా అందరికీ తెలుస్తుంది. కాబట్టి కనీసం నాలుగు రకాలు తయారుచేయండి. మెస్ బిల్లు, కాలేజీ బస్సు రూట్లు, లైబ్రరీ జరిమానాలు, పరీక్ష హాళ్ళ సీటింగ్. ఒక్కోదానిలో చిక్కు వేర్వేరు చీటీల మధ్య ఉండాలి. పరిశీలకులకు అంతకుముందు ఒక పూట తర్ఫీదు కూడా తప్పదు. మీ ఆఫీసులోని ట్రెయినీలతోనే రెండు గుంపులు నడిపి, అందరూ మార్కులు వేసి, తేడాలు ఎందుకొచ్చాయో మాట్లాడుకోండి. ఈ పూట మిగుల్చుకుందామని తర్ఫీదు మానేసిన కంపెనీకి ఆరుగురు పరిశీలకులు ఆరు కొలతలతో మార్కులు వేస్తారు.

తర్వాత ఇంటర్వ్యూ. ‘ఆర్ యూ ఎ టీమ్ ప్లేయర్?’ అన్న ప్రశ్నకు కాదన్నవాడు ఇంతవరకు లేడు. అడగాల్సింది జరిగిపోయిన సంగతి గురించి. అందరికీ అవే మూడు ప్రశ్నలు, అదే వరసలో. ఇలా ముందే నిర్ణయించుకున్న ప్రశ్నలతో, ముందే రాసుకున్న కొలతలతో చేసే ఇంటర్వ్యూకూ, తోచినట్టు కబుర్లాడే ఇంటర్వ్యూకూ మధ్య తేడాను పరిశోధకులు చాలాకాలంగా లెక్కగడుతున్నారు. తర్వాతి పనితీరుతో పొందిక (అసలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1) మొదటిదానికి 0.51, రెండోదానికి 0.38 అని 1998లో ష్మిట్, హంటర్ చెప్పారు. 2022లో సాకెట్ బృందం లెక్కలు సవరించి 0.42, 0.19 అని తేల్చింది. రెండు అంకెలూ తగ్గాయి, మధ్య దూరం పెరిగింది.

ఫ్రెషర్‌ను అడగడానికి చివరి సంవత్సరం ప్రాజెక్ట్ బ్యాచ్ మంచి చోటు. ‘మీ బ్యాచ్‌లో ఒకరు తమ వంతు పని చేయనప్పుడు ఏం జరిగింది?’ అని అడిగి, ఆగకుండా లోపలికి వెళ్ళండి: ఆ మాట అతనితో ఎప్పుడన్నావు, ఏమని అన్నావు, అతనేమన్నాడు, తర్వాతి వారం ఏం మారింది. తయారుచేసుకుని వచ్చిన కథలు రెండో ప్రశ్న దగ్గరే ఖాళీ అయిపోతాయి. మార్కుల కొలత కూడా ముందే రాసి పెట్టుకోండి. ‘మొత్తం నేనే చేశాను సార్, వాళ్ళు పేర్లు పెట్టుకున్నారు’ అంటూ, వాళ్ళను ఒక్కసారైనా అడిగానని చెప్పలేకపోతే 1. అడిగాను, వినకపోతే గైడ్‌కు చెప్పాను అంటే 3. ఎందుకు చేయడం లేదో కనుక్కున్నాను, అతనికి లాప్‌టాప్ లేదు, బ్యాక్‌లాగ్ పరీక్షలున్నాయి, అందుకని డాక్యుమెంటేషన్ అతనికిచ్చి నా భాగం పెంచుకున్నాను, ఇంకా ముందే అడిగి ఉండాల్సింది అంటే 5. చాలా ప్యానెళ్ళు మొదటి జవాబుకు కష్టపడేవాడని పూర్తి మార్కులు వేస్తాయి. ఆ అబ్బాయి కష్టపడేవాడే కావచ్చు, మీరు కొలుస్తున్నది మాత్రం అది కాదు.

ప్రాజెక్ట్ బయట కొన్నదని తేలితే దాన్ని వదిలి వేరేచోట అడగండి. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, కబడ్డీ జట్టు, వినాయక చవితి పందిరి, ఇంట్లో నడిపే కిరాణా కొట్టు, నాట్ల సమయంలో చేలో పని. పది మంది కూలీలకు పని పంచి సాయంత్రం డబ్బు లెక్క తేల్చిన అనుభవం మీ కంపెనీకి పనికొచ్చేదే. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అది చెప్పుకోవచ్చని అనుకోరు, మీరే అడగాలి.

‘మన టీమ్‌కు సరిపోతాడా’ అన్న గడిని స్కోర్ షీట్లోంచి తీసేయండి. ఆ గడిలో రాసేది మనకు అలవాటైన మనిషిలా ఉన్నాడా అన్నది. ఏ ఊరు, ఇంటిపేరు ఏంటి, నాన్నగారేం చేస్తారు, ఎవరి తాలూకు అన్న ప్రశ్నలు ఇంటర్వ్యూ మొదట్లో పలకరింపుగా వస్తాయి, మార్కుల్లో కులంగా, ప్రాంతంగా తేలతాయి. అమ్మాయిలను పెళ్ళెప్పుడని అడగడం మరీ తప్పు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడవాళ్ళ పట్ల వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఉంది. పలకరించాలంటే ప్రయాణం ఎలా జరిగింది, మంచినీళ్ళు కావాలా అని అడగండి.

ఇంత జాగ్రత్తగా తీసుకున్నవారిని కూడా మీ లోపలి పద్ధతులు చెడగొట్టగలవు. పదిమంది టీమ్‌లో ఒకరికి అట్టడుగు రేటింగ్ ఇచ్చి తీరాలని బెల్ కర్వ్ పెడితే, తనకు తెలిసింది పక్కవాడికి చెప్పడం వల్ల తనకే నష్టమని తెలివైన పిల్లలు ఆరు నెలల్లో గ్రహిస్తారు. ఆ విషయం హెచ్‌ఆర్‌లో వేరే విభాగం చూస్తుందంటే, ఈ లేఖ ప్రతిని వారికీ ఇవ్వండి.

మా మాటను నమ్మి ఒక్కసారిగా మార్చేయమనడం లేదు. ఈ సీజన్‌లో ఒక్క కాలేజీలో రెండూ నడపండి. జీడీ పెట్టి మార్కులు వేసి, ఆ కాగితాలను కవరులో పెట్టి సీలు వేయండి. ఎంపిక మాత్రం కలిసి చేసే పని, ఇంటర్వ్యూ ఆధారంగా చేయండి. చేరినవారికి 12 నెలలు నిండాక వారి టీమ్ లీడ్‌నూ, పక్కన పనిచేసే ఇద్దరినీ నాలుగు ప్రశ్నలు అడగండి: అవసరమైన సమాచారం అడగకుండానే చెబుతారా? పని ఆగిపోతే ఆ రోజే చెబుతారా? తనది కాని పనిలో చేయి వేస్తారా? తర్వాతి ప్రాజెక్టులో మళ్ళీ వీరే కావాలంటారా? జవాబు చెప్పేవారికి పాత మార్కులు తెలియకూడదు. అప్పుడు కవరు విప్పి, రెండు రకాల మార్కుల్లో ఏవి ఈ జవాబులకు దగ్గరగా ఉన్నాయో చూడండి. ముప్పై మందితో గట్టిగా తేల్చలేం కాబట్టి రెండు మూడు సీజన్లు కలిపి చూడాలి.

మెస్ బిల్లు పని తాలూకు నాలుగు చీటీలు, హాజరు పట్టిక, స్కోర్ షీట్ నమూనా మీ కాలేజీల ప్లేస్‌మెంట్ అధికారులే ఒక పూటలో తయారుచేయగలరు. పైన ఇచ్చిన అంకెలను అలాగే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆగస్టు డ్రైవ్‌లకు ముందే వారిని పిలిచి మాట్లాడండి.

ఇట్లు,
క్యాంపస్ నియామకాల్లో పనిచేసే కొందరం